జావెద్ గారి మోటారు

మస్కట్‌లోని ఘుబ్రాలో, సెలవు రోజైన ఆ శుక్రవారం ఉదయం ప్రసాద్ బాబు వేడినీళ్లతో తలస్నానం చేసి చర్చికి బయలుదేరాలనుకున్నాడు. తలకు సబ్బు రుద్దాక షవర్ చుక్కలు రాల్చడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పై అంతస్తులో జావెద్ స్నానం చేస్తున్న చప్పుడు దబదబా వినిపించింది.

"వాళ్లకి మాత్రం ఎలా వస్తున్నాయి?" అని అరిచాడు.

"మన జావెద్ రాత్రి మేడ మీద కొత్త మోటారు పెట్టించాడండీ. వాళ్లావిడ సఫూరా చెప్పింది. మీకూ చెప్పమని..." అంది భార్య కృపాబాయి వంటింట్లోంచి. "ఎంత పనిమంతుడో!"

ఆ చివరి మాటకి ప్రసాద్ బాబు కడుపు రగిలిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తనని ఆవిడ ఆ మాట అన్నది లేదు. మిగతాది వినకుండా, లుంగీ చుట్టుకుని, సబ్బు తలతోనే మేడ ఎక్కాడు. ట్యాంకు పక్కన కొత్త మోటారు నిగనిగలాడుతోంది. దాని వాల్వు కసిగా కట్టేశాడు.

"ఏమండీ, ఆ చుక్కలు కూడా ఆగిపోయాయి!" కింద నుంచి కృపాబాయి కేక.

అంటే తమ నీళ్లూ ఈ మోటారు గుండానే వెళ్తున్నాయన్నమాట! జావెద్ తమ వాటా కొట్టేస్తున్నాడని తీర్మానించుకున్నాడు. వాల్వు తెరిచి, తన వాటా తనకు రావాలని ప్రెషర్ స్క్రూ చివరిదాకా బిగించి, విజయగర్వంతో దిగాడు.

గుమ్మంలో ఉండగానే బాత్రూంలో ఫట్‌మని శబ్దం. గీజరు పైపు ఊడి, నీళ్లు హాల్లోకి, హాల్లోంచి కొత్త తివాచీ మీదికి పరుగెత్తాయి. కృపాబాయి కేకలకి జావెద్ తువ్వాలుతో పరుగున వచ్చి నీళ్ల మెయిన్ వాల్వు కట్టేశాడు. పరుపులు ఎత్తాడు, నీళ్లు తోశాడు.

"ఎందుకయిందబ్బా ఇట్ల? మన రెండిండ్లకీ అని మోటారు తెస్తి. మీ పైపు పాతది గదా, తట్టుకోదని ప్రెషర్ బాగా తగ్గించి పెట్టినా. పొద్దున నేనూ బకెట్‌తో కుమ్మరించుకుంటి. సాయంత్రం మీ పైపు మార్చినాక పెంచుదామనుకుంటి అన్నా."

"అదే చెప్పబోయాను, విన్నారా?" అంది కృపాబాయి, మోకాళ్లదాకా తడిసి.

జావెద్ మేడ మీదికి వెళ్లి చూసొచ్చాడు. "స్క్రూ ఎవురో పూర్తిగా తిప్పినారన్నా!"

ప్రసాద్ బాబు తివాచీ పిండుతూ తల ఎత్తలేదు. "గాలికి తిరిగి ఉంటుంది," అన్నాడు.

ఆ రోజు మస్కట్‌లో ఆకు కూడా కదల్లేదు.