టైరు తేలేదాకా

కిరీటికి మౌంటెన్ సైకిల్ కొనిపెట్టింది ఆయన భార్య వైశాలి. ఢిల్లీలో మౌంటెన్ ఎక్కడుందని అడక్కండి. మొగుడి పొట్టే ఆవిడకి కొండంత కనిపించింది.

ద్వారకలో వాళ్ళ సొసైటీ వాళ్ళు కొందరు ప్రతి ఆదివారం తెల్లారకముందే సైకిళ్ళేసుకుని నజఫ్‌గఢ్ నాలా గట్టు మీదికి పోతారు. వాళ్ళకో వాట్సాప్ గ్రూపు. వైశాలి మొగుణ్ణి అడక్కుండానే అందులో చేర్పించింది. వారమంతా గురుగ్రామ్ ఆఫీసులో జీఎస్టీతో కుస్తీ పట్టే కిరీటికి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క సుఖం ఆదివారం పొద్దుటి నిద్ర. దాన్ని కాస్తా నాలా పాలు చేస్తారంటే ప్రాణం విలవిల్లాడింది.

తొలి శనివారం సాయంత్రం మర్యాదకని గ్రూపులో ఒక ప్రశ్న వేశాడు. "రేపటికి ఎలాంటి టైర్లు మంచివి?"

అంతే, భాటియా గారు లేచారు. రిటైరైన బ్యాంకు మేనేజరు, నిండైన విగ్రహం. టైరు వెడల్పుగా ఉండాలి, ఒళ్ళంతా బొడిపెలుండాలి, లేకపోతే మట్టిలో పట్టు దొరకదన్నారు. ఆయన మీద శివరామకృష్ణ గారు లేచారు. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ, గాలికి ఎగిరిపోయేంత బక్కమనిషి. గట్టు చేరేదాకా తారు రోడ్డే కదా, బొడిపెలుంటే రోడ్డు కాళ్ళు పట్టుకుని లాగుతుంది, కాబట్టి నున్నటి టైరే శ్రేయస్కరమని పేరాలకు నంబర్లు వేసి మరీ నోట్ పెట్టారు. భోజనాల వేళకి జనమంతా బొడిపెల భాటియా వర్గం, నున్న శివరామకృష్ణ వర్గం అని చీలిపోయారు. ఆదివారం సవారీ రద్దయింది.

కిరీటి తొమ్మిదిన్నరకి లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. టైరు తేలనంతకాలం తన నిద్రకి ఢోకా లేదని ఆయనకి ఆవులింత మధ్యలోనే తట్టింది.

ఆ తరవాతి శనివారం అమాయకంగా ఇంకో ప్రశ్న వదిలాడు. ట్యూబ్ ఉండాలా, అక్కర్లేదా? గట్టు నిండా తుమ్మముళ్ళు. ట్యూబ్ లేని టైర్లో పాలలాంటి మందు పోస్తే చిల్లి దానంతటదే పూడుతుందని భాటియా గారు. ఆ మందు గడ్డకడితే ఎవడు గోకుతాడు, ట్యూబైతే అతుకేసుకోవచ్చని శివరామకృష్ణ గారు. సవారీ మళ్ళీ రద్దు. ఆ పైవారం గాలి ఎంత ఉండాలని అడిగాడు. ఒక గ్రూపు కాస్తా రెండయింది. ముందు చక్రానికి బొడిపెల టైరు, వెనక చక్రానికి నున్నది వేస్తే ఎలా ఉంటుందని రాజీ చూపించాడు. రెండు గ్రూపుల్లోనూ ఈయన్నే తిట్టారు, ఆ ఆదివారమూ ఎవరూ కదల్లేదు.

"ఈ వారం కూడా లేదా?" అంది వైశాలి.

"ఏం చెయ్యను, టైరు తేలలేదు."

"తేలడానికి అదేమన్నా పడవా?"

"నీకు తెలీదు వైశాలీ, ఇది టెక్నికల్ విషయం. తప్పుడు టైరుతో వెళ్తే ప్రాణం మీదికొస్తుంది."

"పడుకుంటే ఏమన్నా పెరుగుతోందా ప్రాణం? పెరిగేది పొట్టేగా?"

"పొద్దున్నే నువ్వు వెళ్ళొస్తున్నావుగా వ్యాయామానికి. ఇంటికొకరు చాలు."

"సరే," అంది వైశాలి. ఆవిడ అంత తేలిగ్గా సరేనంటే భయపడాలని కాపురం చేసిన ఇన్నేళ్ళలో కిరీటికి తట్టనే లేదు.

ఇలా కొన్ని నెలలు గడిచాక పెద్దమనుషులిద్దరికీ విసుగొచ్చింది. ఇన్ని ప్రశ్నలు వేసినవాడి సైకిల్ దగ్గరే పంచాయతీ తేల్చుకుందామని ఒక శనివారం సాయంత్రం ఇంటికి దిగబడ్డారు. కిరీటి ధీమాగా కింద పార్కింగ్‌కి తీసుకెళ్ళాడు. మెట్రోలో ఆఫీసుకి పోయే మనిషి, కొన్న రోజు తరవాత ఆ సైకిల్ మొహం చూసింది లేదు. కవర్ లాగాడు.

చక్రాలు ఇరుసుదాకా బురద. టైర్ల నడుమ బొడిపెలు అరిగిపోయి ఉన్నాయి. సందుల్లో తుమ్మముళ్ళు.

"కిరీటీ జీ, ఆప్ తో ఛుపే రుస్తం నికలే," అన్నారు భాటియా గారు, దాక్కున్న వస్తాదు దొరికాడన్నట్టు.

శివరామకృష్ణ గారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. "నెలల తరబడి తొక్కితేగానీ ఇలా అరగదు. మేమిక్కడ కొట్టుకు చస్తుంటే మీరు ఒంటరిగా సాధన చేస్తున్నారన్నమాట."

కాదంటే పరువు పోతుంది. అవునంటే పోయేదేమిటో అప్పటికి తట్టలేదు. "ఏదో, మీ ఆశీర్వాదం," అన్నాడు కిరీటి.

"మరి గాలి ఎంత పెడతారు?"

"పద్దెనిమిది శాతం," అన్నాడు నోటి అలవాటు కొద్దీ.

గాలిని శాతాల్లో కొలవడం ఇద్దరూ ఎక్కడా వినలేదు. అయినా తెలీదని ఒప్పుకుంటే ఎదుటివర్గం ముందు లోకువవుతామని గంభీరంగా తలూపారు. రేపటినుంచి బృందానికి కిరీటే నాయకుడని అక్కడికక్కడే తీర్మానించారు. పోయేది ఆదివారం నిద్రని కిరీటికి అప్పుడు తట్టింది.

పైకొచ్చాక టీ అందిస్తున్న వైశాలికి ఈ శుభవార్త చెప్పారు.

"ఆయనకేం తెలుసండీ, ఆ సైకిల్ తొక్కేది నేను," అంది ఆవిడ. "మీరు తగువాడుకుంటున్నారని గట్టు ఎక్కడికీ పోదు కదా. రోడ్డు మీద గాలి గట్టిగా ఉంచుతాను, మట్టి రాగానే కాస్త వదులుతాను. అంకుల్, మీ బరువుకి మీ టైరే సరి. శివరామకృష్ణ గారూ, మీరు మట్టిలోకి దిగనే దిగరు, మీకు మీదే సరి. ఒకళ్ళ చెప్పు ఇంకొకళ్ళు తొడుక్కోవాలని కొట్టుకోవడం ఎందుకు?"

నాయకత్వం అక్కడే వైశాలికి బదిలీ అయింది.

కిరీటికి చెవులు ఎర్రబడ్డాయి గానీ, లోలోపల పాలు పొంగాయి. నిద్ర దక్కింది. "సైకిల్ ఒకటేగా, నువ్వే తీసుకెళ్ళు వైశాలీ," అన్నాడు మహా త్యాగిలా.

"మా అబ్బాయిది ఖాళీగా ఉంది, అభీ మంగవాతా హూఁ, ఇప్పుడే తెప్పిస్తా," అన్నారు భాటియా గారు.

కిరీటి అమాయకంగా అడిగాడు. "దానికి ఎలాంటి టైర్లున్నాయి?"

భాటియా గారు శివరామకృష్ణ గారి వంక చూశారు. ఆయన ఈయన వంక చూశారు. గొడవ మొదలవుతుందని కిరీటి ఆశగా సోఫా అంచుకి జరిగాడు.

"కోయీ భీ చలేగా," "ఏదైనా ఫరవాలేదు," అన్నారిద్దరూ ఒక్కసారే.

వైశాలి ఫోన్ తీసి నాలుగున్నరకి అలారం పెట్టింది.