మూడింట రెండు వంతుల జ్ఞాపకశక్తి

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని మా తెలుగు వికాస మండలి, ఒకరింటి కంప్యూటరులో ఒక భాగం నెమ్మదిగా నడుస్తోందన్న ఫిర్యాదుపై ఏడుగురు సభ్యులతో విచారణ సంఘాన్ని నియమించింది. ఆ ఏడుగురిలో ఒక్కరికీ కంప్యూటరు తెలియకుండా జాగ్రత్త కూడా పడింది. తెలిసినవాళ్ళుంటే నిష్పాక్షికత దెబ్బతింటుందని అధ్యక్షులు అప్పారావు గారి అభిప్రాయం. ఆయన ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైనవారు. నేను మండలి కార్యదర్శిని. జరిగిన అనర్థమంతా నా చేతిరాతతోనే మొదలైంది కాబట్టి చెప్పే బాధ్యత కూడా నాదే.

ఫిర్యాదుదారు సత్తిరాజు. ఉర్లా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో క్రేన్ నడుపుతాడు. పది టన్నుల ఇనుప దూలాన్ని లేపి, కింద పనివాడి టీ గ్లాసు ఒలక్కుండా అవతల దింపగల మనిషి. ఆయన కూతురు భావన వీడియో ఎడిటింగ్ నేర్చుకుంది. ఉద్యోగం ఇచ్చే ముందు పరీక్షగా ఒక స్టూడియోవాళ్ళు పది నిమిషాల వీడియో తయారుచేసి, శనివారం సాయంత్రం ఐదింటికల్లా పంపమన్నారు. అందుకోసం ఆ పిల్ల తన కంప్యూటరుకి కొత్త మెమరీ కొనుక్కుని, దాని రెండు పలకలూ స్వయంగా బిగించుకుంది.

సోమవారం అన్నాల దగ్గర మాటవరసకి తండ్రితో అంది: "డబ్బా మీద స్పీడు మూడువేల రెండొందలని ఉంది నాన్నా. స్క్రీన్ మీద రెండువేల నూట ముప్ఫైమూడే చూపిస్తోంది."

సత్తిరాజు కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "అంటే ఏటి? మనల్ని మోసం చేసీసారా?"

"మోసమేం కాదు. లోపల ఏదో సెట్టింగ్ ఉంటాది. పని నడుస్తోంది కదా, వీడియో పంపీసాక తీరిగ్గా చూసుకుంటాను. టెన్షన్ మత్ లో, కంగారు పడకు."

కంప్యూటరు బాగా నడుస్తోందని, తొందరేమీ లేదని, దాన్ని వాడే మనిషే స్పష్టంగా చెప్పింది. ఇక పెద్దలు కల్పించుకోక తప్పలేదు.

మర్నాడు సత్తిరాజు డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు డబ్బా వైపు చూడకుండానే, "చల్ తో రహా హై నా, భాయ్‌సాబ్?" అన్నాడు. నడుస్తోందనే ఒప్పుకున్నాడు సత్తిరాజు. "తో చల్‌నే దో," అంటూ నడవనివ్వమన్నాడు దుకాణదారు. ఈ జవాబులో తప్పేమిటో దారి పొడుగునా ఆలోచించినా సత్తిరాజుకి దొరకలేదు. దొరక్కపోవడంతో కోపం ఇంకా పెరిగి, ఆ కోపాన్ని నేరుగా మండలి ఆఫీసుకి తీసుకొచ్చాడు.

అప్పారావు గారు ఆయన్ని కూర్చోబెట్టి ప్రసంగించారు. "సత్తిరాజూ, ఇది నీ ఒక్కడి సమస్య కాదు. హిందీ రాజ్యంలో యాభై ఏళ్ళుగా తల ఎత్తుకు తిరుగుతున్న తెలుగుజాతి వేగానికి సంబంధించిన విషయం. వెయ్యి అరవై ఏడు తగ్గించి ఇచ్చారంటే మనల్ని ఎంత తక్కువగా చూస్తున్నట్టు?" ఆ వెయ్యి అరవై ఏడు ఏమిటో ఆయనకి తెలియదు. మాకూ తెలియదు. కానీ తగ్గిందన్న మాట మాత్రం అందరికీ అర్థమైంది.

తీర్మానం రాసే పని నాకు పడింది. మండలి నిబంధనల ప్రకారం తీర్మానాల్లో ఇంగ్లీషు ముక్క ఉండకూడదు. అందుకని కంప్యూటరును గణన యంత్రమనీ, మెమరీని జ్ఞాపకశక్తి అనీ రాశాను. నోటీసు బోర్డు చిన్నది కావడంతో "గణన యంత్రములోని" అన్న మాట పట్టలేదు. అది అనవసరమని అప్పారావు గారే కొట్టేశారు. చివరికి బోర్డు మీదికీ, కాలనీ వాట్సాప్ గ్రూపులోకీ వెళ్ళిన ప్రకటన ఇది: "శ్రీ సత్తిరాజు గారి ఇంటి జ్ఞాపకశక్తి, ప్రకటిత వేగములో మూడింట రెండు వంతులే పనిచేయుచున్నందున విచారణ సంఘము నియమించడమైనది. సభ్యులు సహకరింపగలరు."

సభ్యులు సహకరించారు. బుధవారం పొద్దున్నే సత్తిరాజు ఇంటికి నానబెట్టిన బాదంపప్పులు వచ్చాయి. పది గంటలకి బ్రాహ్మీ తైలం వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆయనతో గట్టిగా, ఒక్కొక్క మాటా విడగొట్టి మాట్లాడసాగారు. "నేనెవరో చెప్పు చూద్దాం," అని పక్కింటాయన అడిగితే, "నువ్వు నా నిచ్చెన పట్టుకెళ్ళి ఇవ్వనోడివి," అన్నాడు సత్తిరాజు. పాత సంగతులు గుర్తుంటాయి, కొత్తవే పోతాయని అక్కడున్నవాళ్ళు జాలిపడ్డారు.

షెడ్డులోనూ తెలుగువాళ్ళు ఉన్నారు. గురువారానికి మేనేజరుకి కబురు చేరింది. మూడింట రెండు వంతుల జ్ఞాపకంతో పది టన్నులు లేపడం ప్రమాదమని ఆయన సత్తిరాజును క్రేన్ మీంచి దింపి, గేటు దగ్గర వచ్చేపోయే లారీల నంబర్లు రాసే పనిలో కూర్చోబెట్టాడు. జ్ఞాపకం తగ్గినవాడికి నంబర్లు అప్పగించడంలో ఉన్న విశేషం ఎవరికీ తట్టలేదు. పద్దెనిమిదేళ్ళుగా పైనుంచి చూసిన షెడ్డును కిందనుంచి చూస్తూ సత్తిరాజు ఆ రోజు అన్నం క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

ఈలోగా విచారణ సంఘం కంప్యూటరును సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంది. భావన ఎంత చెప్పినా వినకుండా దాన్ని మండలి ఆఫీసుకి చేర్చి, చుట్టూ టేపు వేసి, ఏడుగురం సంతకాలు చేశాం. టేపు వేశాక లోపలి భాగాలు చూడాలని గుర్తొచ్చింది. టేపు విప్పి, చూసి, మళ్ళీ వేసి, మళ్ళీ సంతకాలు చేశాం. విద్యుత్ నిపుణులుగా సంఘంలో చేరిన ప్రకాశం గారు మెమరీ పలకలు పీకి చూసి, ఉర్లా పొగ మసే దీనికి కారణమని తేల్చారు. అప్పారావు గారు పలకలు పడమటి ముఖంగా ఉండటం కారణమన్నారు. ఓటింగు పెట్టాం. మసికి మూడు, పడమరకి మూడు వచ్చాయి. ఏడో ఓటు నాది. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక, పడమటి నుంచి వచ్చే మసి అని రాశాను. దానికి చప్పట్లు కొట్టారు.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి భావన వాళ్ళమ్మ అన్నమ్మతో కలిసి ఆఫీసుకి వచ్చింది. అన్నమ్మ చేతిలో కత్తెర ఉంది.

"సీలు తియ్యాలంటే తీర్మానం కావాలమ్మా," అన్నారు అప్పారావు గారు.

"మీరు తీర్మానం రాసుకుంటూ ఉండండి బాబూ. నేను కోసీస్తాను," అంది అన్నమ్మ. మా పద్నాలుగు సంతకాలూ మూడు కోతల్లో కింద పడ్డాయి.

భావన మీట నొక్కితే స్క్రీన్ నల్లగానే ఉంది. మూత తీసి చూసి, "ఈ పలకలు ఎవరు పెట్టారు?" అని అడిగింది. ప్రకాశం గారు కిటికీలోంచి ఆకాశం చూడసాగారు. ఒక పలక సగమే కూర్చుని ఉంది. భావన రెంటినీ తీసి, వాటి స్థానాల్లో టక్కుమనేలా నొక్కింది. స్క్రీన్ వెలిగింది. కంప్యూటరు లేస్తుండగానే ఏదో మీట కొట్టి సెట్టింగుల్లోకి వెళ్ళి, ఒక చోట "ఆఫ్" అని ఉన్నదాన్ని "ఆన్" చేసింది. కంప్యూటరు ఆగి మళ్ళీ లేచింది. స్క్రీన్ మీద మూడువేల రెండొందలు కనిపించింది.

"అంతేనా?" అన్నారు ప్రకాశం గారు.

"అంతే అంకుల్. కొన్నప్పుడు తక్కువ స్పీడులోనే నడుస్తాది. పూర్తి స్పీడు కావాలంటే మనమే లోపలికెళ్ళి ఆన్ చేసుకోవాలి. సోమవారమే చెప్పాను కదా, సెట్టింగ్ ఉంటాదని."

"మరి మసి?" అన్నారు అప్పారావు గారు.

భావన కంప్యూటరును చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని ఇంటికి ఆటో ఎక్కింది. నాలుగు రోజుల పనిని మూడున్నర గంటల్లో చేసి, ఐదింటికి పదకొండు నిమిషాల ముందు వీడియో పంపింది. మంగళవారం ఉద్యోగం వచ్చింది.

సత్తిరాజు మాత్రం గేటు దగ్గరే ఉన్నాడు. ఆస్పత్రికి వెళ్ళి జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉందని డాక్టరు చేత రాయించుకొచ్చినా మేనేజరు నమ్మలేదు. తెలుగువాళ్ళ సంఘం రాతపూర్వకంగా చెప్పిందాన్ని ఒక్క డాక్టరు ఎలా కాదంటాడని ఆయన సందేహం. సత్తిరాజు మళ్ళీ మా దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆయన గొంతులో కోపం లేదు. "ఆ నోటీసు వెనక్కి తీసుకోండి బాబూ. నన్ను క్రేనెక్కనివ్వండి," అన్నాడు.

మండలి చరిత్రలో ఏ ప్రకటననీ వెనక్కి తీసుకోలేదని అప్పారావు గారు విచారంగా చెప్పి, రెండో ప్రకటన జారీ చేయించారు. అదీ నేనే రాశాను: "విచారణ సంఘము కృషి ఫలితముగా, కుమార్తె కుమారి భావన ఒక మీట నొక్కగా, శ్రీ సత్తిరాజు గారి ఇంటి జ్ఞాపకశక్తి అర నిమిషములో పూర్తి వేగమునందుకొన్నది."

మేనేజరు దీన్ని హిందీలో చదివించుకుని విన్నాడు. వెంటనే సత్తిరాజును క్రేన్ ఎక్కించాడు. ఎక్కించి, కిందనుంచి అడిగాడు: "బిటియా కో బోలో, మేరే లడ్కే కా భీ ఆన్ కర్ దే. దస్‌వీఁ మేఁ హై." పదో తరగతిలో ఉన్న తన కొడుక్కీ ఆన్ చేసిపెట్టమని కూతురితో చెప్పమంటున్నాడు.

ఆ వారం చివర, ఆదివారం ఉదయానికి సత్తిరాజు ఇంటి ముందు లైను రోడ్డు దాకా వచ్చింది. పదో తరగతివాళ్ళు, బ్యాంకు పరీక్షలవాళ్ళు, పెళ్ళిరోజు మరిచిపోయే ఒక భర్త, ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చిన భార్య. భావన వాకిట్లో నిలబడి, అది కంప్యూటరు మెమరీ అని తెలుగులోనూ హిందీలోనూ చెప్పింది. మొదటి వరసలో ఉన్నావిడ నవ్వి, "వాళ్ళ నాన్నకైతే చేసుకుంది, మనకి మాత్రం చెప్పదు," అంది వెనకున్నవాళ్ళతో. ఒక్కరూ కదల్లేదు.

మా అమ్మాయి అమూల్యకి తొమ్మిదో తరగతి లెక్కల్లో వందకి పందొమ్మిది మార్కులు. దాన్ని తీసుకుని నేను వెళ్ళేసరికి మా ముందు పదహారుమంది ఉన్నారు.

"నాన్నా," అంది అమూల్య, నా చెయ్యి లాగి. "ఆ నోటీసు రాసింది నువ్వే కదా?"

"రాసేటప్పుడు నాకూ నమ్మకం లేదమ్మా," అన్నాను. "కానీ ఇంతమంది ఎందుకు నిలబడతారు చెప్పు?"