పొదుపు పరీక్ష

బూట్ల లేసు ముడివేస్తూ మేనేజరు ఆ రోజు పని భార్యకు చెప్పాడు. కరెంటు కంపెనీ ఇన్‌స్పెక్టరు డేటా సెంటరు చూడటానికి వస్తున్నాడు. ఆయన సరేనంటే, వాడకం తగ్గించుకునేవారికి ఇచ్చే ప్రోత్సాహకంతో పాత కూలింగ్ మిషన్లు తీసేసి కొత్తవి కొనవచ్చు. కాదంటే హెడ్డాఫీసువాళ్లు సెంటరునే మరో ఊరికి ఎత్తేస్తారు.

టీచరుద్యోగం చేసే ఆ ఇల్లాలికి ఆ మాటతోనే పాత రోజులు కళ్లముందు కదిలాయి. పెళ్లయ్యాక చాలా ఏళ్లు ఆయన ఒక ఊళ్లో, ఆవిడ ఒక ఊళ్లో. ఒకే ఇంట్లో, ఒకే కుక్కరు కూతకు నిద్రలేవడం ఈమధ్యే మొదలైంది.

"అటకమీద మీ ఒంటరి రోజుల మెస్సు క్యారియరుంది. దించమంటారా, వద్దా?" అంది.

"మధ్యాహ్నం చెప్తాను," అన్నాడు మేనేజరు.

ఆఫీసుకు వెళ్తూనే ఆజ్ఞలు జారీచేశాడు. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి మీటరు నత్తనడక నడవాలి. లైట్లు ఆపేశారు. ఏసీలు, లిఫ్టు, టీ మిషను అన్నీ మూగబోయాయి. అందరూ అక్కయ్య అని పిలిచే అకౌంటెంటు సెల్‌ఫోను వెలుతురులో బిల్లులు చూడసాగింది.

కాసేపటికి ఆఫీసు ఆవిరిపట్టినట్టయింది. చల్లగా ఉన్నది కంప్యూటర్ల హాలొక్కటే. ఒక్కొక్కరే ఏదో పనున్నట్టు అందులోకి జారుకున్నారు. తలుపు తీసినప్పుడల్లా చల్లదనం బయటికి పోయింది, లోపలి మిషన్లు రొప్పాయి, మీటరు పరుగందుకుంది. మేనేజరు వెంటనే సగం కూలింగ్ మిషన్లు తన చేత్తోనే ఆపేశాడు.

మీటరు నెమ్మదించింది కాని, హాలు వేడెక్కుతోందని అలారం మోగింది. చేసేదిలేక అందరూ అట్టపెట్టెలు చింపి కంప్యూటర్లకు విసరసాగారు.

మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ తలుపు తీసిన ఇన్‌స్పెక్టరు గడపలోనే నిలబడిపోయాడు. చీకటి. మాటాపలుకూ లేదు. రెండు వరుసల మనుషులు, చేతుల్లో అట్టలు. ఆయన మెల్లగా టోపీ తీశాడు.

"ఎవరైనా పోయారాండీ?"

"లేదు సార్, పొదుపు," అంది అక్కయ్య, విసురుతూనే.

మేనేజరు గర్వంగా మీటరు చూపించాడు. ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు. "చాలా తక్కువుందండీ. ఇదే రాసుకుంటాను. కొత్త మిషన్లతో ఇంతకన్నా ఎంత తగ్గే అవకాశం ఉంటే అంత ప్రోత్సాహకం."

మేనేజరు మీటరువైపు మళ్లీ చూశాడు. ఇంతకన్నా తగ్గించాలంటే కంప్యూటర్లు కూడా ఆపేయాలి.

ఉన్నదంతా చెప్పేశాడు. ఇన్‌స్పెక్టరు మంచివాడు. కోప్పడలేదు. అన్నీ మామూలుగా నడపమనీ, వారంపాటు కొలిచే మీటరొకటి పెట్టి పోతాననీ అన్నాడు. లిఫ్టు నడుస్తుందా అని మొహమాటంగా అడిగాడు. మోకాళ్లనొప్పులట.

మామూలుగా అన్న మాట చెవిన పడగానే సిబ్బంది తలోదిక్కుకూ పరుగెత్తి, ఉన్న స్విచ్చులన్నీ ఒక్కసారే వేశారు. నిమిషంలో ఢామ్మని చప్పుడై మెయిన్ స్విచ్చు పడిపోయింది. కంప్యూటర్లు మాత్రం బ్యాటరీల దయవల్ల ఏమీ ఎరగనట్టు మినుకుమంటున్నాయి.

"సారేరి?" అన్నాడు మేనేజరు.

"లిఫ్టులో," అంది అక్కయ్య, "కింద జీపులోంచి మీటరు తేవడానికి."

అందరూ లిఫ్టు తలుపులు వేలెడు సందు తెరుచుకునేలా లాగి, ఆ సందులోంచి అట్టలతో విసిరారు. లోపలి నుంచి సన్నగా "కొంచెం ఎడంపక్కకండీ" అని వినిపించింది. ఆయన కోపంగా లేడు. ఆ క్షణంలో మేనేజరుకు అదే పదివేలు.

కరెంటు వచ్చి, లిఫ్టు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని, పెన్ను అడిగి తీసుకున్నాడు. ఆ రోజు కొలత కొట్టేశాడు. కొత్త మిషన్లు, కొత్త వైరింగు తక్షణం కావాలని సిఫారసు చేసి, మెరుగుపడటానికి ఎంత అవకాశం ఉందన్న చోట 'అపారం' అని రాసి, వారం మీటరు రేపు పంపుతానని చెప్పి, మెట్లమీదుగానే దిగిపోయాడు.

మేనేజరు ఇంటికి ఫోను చేశాడు. "క్యారియరు అటకమీదే ఉండనీ."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "అంతగా ఏం నచ్చిందట ఆయనకు మీ ఆఫీసులో?"

"అధ్వాన్నం," అన్నాడు మేనేజరు.