ఆటోలో పట్టినంత శాంపిల్

పిల్లల చదువు బాగుపడాలంటే ముందు పిల్లలను పక్కన పెట్టాలి. ఊరికే అనడం లేదు. యూనివర్సిటీలో ముప్పై ఏళ్లుగా విద్యాబోధన మీద పరిశోధన చేస్తూ, ఒక్క పిల్లవాడి మొహమైనా తేరిపార చూడకుండా ప్రొఫెసర్‌నైన అనుభవంతో అంటున్నాను.

నవ్వకండి. మీ పాప మూడో తరగతిలో ఏమేం నేర్చుకోవాలో మీకు తెలుసా? తెలియదు. వాళ్ల టీచరుకు తెలుసా? ఆమెను ఎవరడిగారు? అది తేల్చడానికి కమిటీ ఉంటుంది. కమిటీలో నేనుంటాను. నా పేరు శశిభూషణ్. కాపురం తార్నాకలో, ఆలోచన క్యాంపస్‌లో.

రాష్ట్ర విద్యా ప్రమాణాలను సవరించే పని నిరుడు మాకు అప్పగించారు. ఏ తరగతి పిల్లలకు ఏమేం వచ్చి ఉండాలో చెప్పే పుస్తకమన్నమాట. పాత పుస్తకం ఎవరికి తోచింది వాళ్లు రాసిందట. ఈసారి ప్రతి వాక్యం వెనుకా రీసెర్చ్ ఉండాలన్నారు. మాకు అంతకన్నా కావాల్సిందేముంది?

ముందు విదేశీ పరిశోధనలన్నీ తిరగేశాం. ఎక్కడో మూడో తరగతి పిల్లలు మంచు మందం కొలుస్తారట. మనవాళ్లేం తక్కువ తిన్నారా? అదీ చేర్చాం. లాలాపేట్‌లో మంచెక్కడిదని ఒకాయన నసిగితే, చెరుకురసం బండి దగ్గర బోలెడు దొరుకుతుందని సర్దిచెప్పాం. ఆ తర్వాత ‘అవుట్‌కమ్’ అనాలా, ‘కాంపిటెన్సీ’ అనాలా అని వర్క్‌షాప్ పెట్టాం. బిర్యానీ చల్లారిపోయినా తేలలేదు. చివరికి రెండూ ఉంచేసి, బిర్యానీ మళ్లీ తెప్పించుకున్నాం. పరిశోధనంటే మాటలా!

ఇక మిగిలింది బడులకు వెళ్లి మూడో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టడం. లాలాపేట్‌లో ఒకటి, మౌలాలిలో ఒకటి, గోల్నాకలో ఒకటి ఎంచుకున్నాం. అవే ఎందుకంటారా? రాష్ట్రం మొత్తానికి అద్దం పట్టే బడులు, మధ్యాహ్న భోజనానికి మళ్లీ క్యాంపస్ చేరుకోగలిగే దూరంలో, అవే ఉన్నాయి.

లాలాపేట్ బడిలో మూడో తరగతి బెంచీలు సగానికి పైగా ఖాళీ. ఏమిటని అడిగితే హెడ్మాస్టర్ బుచ్చిరాములు గారు చేతులు కట్టుకుని చెప్పారు. “లగ్గాల సీజన్ గద సార్. ఊర్లకు పోయిన్రు.”

కిటికీలోంచి చూస్తే గ్రౌండ్ నిండా పిల్లలు ఖోఖో ఆడుతున్నారు. క్రీడలకు ఇంత ప్రాధాన్యమిచ్చే బడిని నేను ఎక్కడా చూడలేదని ఆయన భుజం తట్టాను. రిపోర్టులోనూ రాశాను. మౌలాలిలోనూ, గోల్నాకలోనూ అదే దృశ్యం. లోపల నిశ్శబ్దంగా పరీక్ష, బయట ఖోఖో. ముచ్చటేసింది.

ఇక ఫలితాలు చెబితే మీరు నమ్మరు. మూడు బడుల్లోనూ మార్కులు ఒకేలా వచ్చాయి. నీటిని ఎందుకు పొదుపు చేయాలన్న ప్రశ్నకు లాలాపేట్‌లో ఒక అమ్మాయి ఏ జవాబు రాసిందో, మౌలాలిలో ఒక అమ్మాయి అదే రాసింది, గోల్నాకలోనూ అదే. చేతిరాత కూడా అదే! ఇంత నిలకడైన డేటా నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. గోల్నాకలో ఒక పిల్లయితే “నమస్తే సార్, మల్లొచ్చిన్రా?” అని పలకరించింది. పిల్లలు మర్యాదస్తులని నోట్ చేసుకున్నాను.

మొహాలు చూసి గుర్తుపట్టలేదా అని అడుగుతారేమో. నేను జవాబు పత్రాలే చూస్తాను. మొహం చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే డేటా చెడిపోతుంది. ఇన్నేళ్లుగా విద్యార్థులకు నేను నూరిపోస్తున్న సూత్రమిది.

మన పిల్లలకు ఇంత వచ్చా అని ఉప్పొంగిపోయి, ప్రమాణాలు రెండు మెట్లు పైకి జరిపాం. మూడో తరగతి పిల్లలు నాలుగంకెల తీసివేతలు తడబడకుండా చేయాలి. పేజీ ఆగకుండా చదవాలి. నీటి పొదుపు మీద సొంత అభిప్రాయం రాయాలి. ఇవన్నీ చేయలేని వాళ్లను జూన్ నుంచి వేరే గదిలో, వేరే పుస్తకంతో కూర్చోబెట్టాలి. ఆ ఆఖరి వాక్యం నాదే. దానికి నాకు శాలువా కూడా కప్పారు.

శాలువా తీయకుండానే ఇంటికి వెళ్లాను. మా ఆవిడ మహేశ్వరి తార్నాకలోనే ఒక సర్కారు బడిలో మూడో తరగతి టీచరు. కూరగాయలు తరుగుతూ తలెత్తి చూసింది.

“ఆ శాలువా మా అమలకు కప్పాలె. మీ పరీక్ష మూడుసార్లు రాసింది పాపం.”

అమల ఎవరన్నాను.

“నా క్లాసుల ఫస్టొచ్చే పిల్ల. మీరొస్తున్నరంటే ఆ మూడు బడుల హెడ్మాస్టర్లు చుట్టుపక్కల బడులల్ల తలా ఇద్దరు మంచి పిల్లలను అడుక్కున్నరు. ఏరి ఏరి ఒక ఆటోల ఎక్కిచ్చి, మీరు ఏ బడికి పోతే ఆ బడికి ముందుగాల తోలిన్రు. ఆటోల ఎంతమంది పడితే అంతమందే.”

“తెలిసీ నువ్వెలా పంపావు?”

“మొగుని రీసెర్చ్ మంచిగ రావాలె గద. మీ పరువు కోసమే పంపిన.”

“మరి గ్రౌండ్‌లో ఖోఖో ఆడుతున్నవాళ్లు?”

“ఆ బడి పిల్లలు వాళ్లే.”

ముందే నాకెందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. ఆమె వంకాయ వైపు చూస్తూ అంది. “ఇంట్లనే మూడో తరగతి టీచర్ ఉన్నది. ఇన్నేండ్లల్ల నన్నొక్క మాటన్న అడిగిన్రా?”

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదని రాయాలని ఉంది. కానీ తిన్నాను. వంకాయ కూర బాగుంది.

పొద్దున్నే మా కమిటీ చైర్మన్ శేషాద్రి గారి గదికి పరుగెత్తాను. ఆయనది కడప. కంగారంటే ఎరగని మనిషి. అంతా విని టీ తెప్పించారు.

“ఒకే పిల్లోల్లను మళ్లా మళ్లా పరీక్ష చేస్తే దాన్ని లాంగిట్యూడినల్ స్టడీ అంటారప్పా. ఇంకా గొప్ప. ఏం కొంపలు మునగలేదు గానీ, ఫైనల్ ప్రూఫు మీద సంతకం పెట్టియ్యి. సాయంత్రానికి ప్రెస్సుకు పోవల్ల.”

“గ్రౌండ్‌లో ఉన్న పిల్లల సంగతేమిటి సార్?”

“వాళ్లకు వేరే గది ఇస్తాండాం గదా.”

పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టేశాను. ప్రూఫు సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి లాలాపేట్ బడికి వెళ్లాను. ఈసారి ఆటోలో నేనొక్కణ్నే.

మూడో తరగతి గది కిటకిటలాడుతోంది. సింధూజ అనే చిన్న వయసు టీచరు బోర్డు మీద తీసివేత వేస్తోంది. నేను గుమ్మంలో కాలు పెట్టానో లేదో, వెనుక బెంచీల వాళ్లు లేచారు. బ్యాగులు భుజాన వేసుకుని, చక్కగా వరుస కట్టి తలుపు దగ్గరికొచ్చారు.

“ఎక్కడికమ్మా?” అన్నాను ముందున్న అమ్మాయితో.

“గ్రౌండ్‌కు సార్.”

“ఎవరు పొమ్మన్నారు?”

“మీరొస్తే పోవాలె గద సార్. మేముంటే మీ రీసెర్చ్ ఖరాబైతదట.”

పేరడిగితే నవత అంది. ముప్పై ఏళ్లలో నేను సరిగ్గా చూసిన మొదటి మొహం ఆ పిల్లది. ముక్కు మీద సుద్ద అంటుకుని ఉంది. మొహంలో కోపం గానీ బాధ గానీ లేవు. బస్సొస్తే పక్కకు జరుగుతాం చూడండి, అంత మామూలుగా జరుగుతోంది. నాకు సిగ్గేసింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సిగ్గేసింది.

“ఖరాబైతే కానీ. కూర్చోండి” అన్నాను.

ఎవరూ కూర్చోలేదు. సింధూజ టీచర్ చెప్పినా కదల్లేదు. నవత తలుపు పట్టుకుని, నాకు నచ్చజెబుతున్నట్టు అంది. “మీరు పోయినంక కూసుంటం సార్.”

నేను బయటికొచ్చేశాను. వరుస వెనక్కి తిరిగింది. అందరూ ఎవరి బెంచీల్లో వాళ్లు కూర్చున్నారు.

కిటికీ పక్కన నిలబడి చూశాను. నవత చెయ్యెత్తి జవాబు చెప్పింది. తప్పు. టీచరు మళ్లీ చెప్పింది. మళ్లీ తప్పు. మూడు బడులు తిరిగినా నాకు ఒక్క తప్పు జవాబూ కనబడలేదు. ఇందాక లేవని ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి, తన వేళ్లు కూడా నవతకు అరువిచ్చింది. ఇద్దరూ కలిసి మొదటి నుంచి లెక్కపెడుతున్నారు. జూన్ నుంచి ఈ ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టే వాక్యం నా సంచిలో ఉంది. దాని కింద నా సంతకం ఇంకా లేదు, ఇక ఉండదు.

ఈ కాలమ్ ఆ గ్రౌండ్‌లో కూర్చునే రాస్తున్నాను. శేషాద్రి గారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. మీకెక్కడైనా కనిపించి, శశిభూషణ్ ఏడప్పా అని అడిగితే దయచేసి చెప్పండి. లోపల చదువు జరుగుతోందని, నేనుంటే ఖరాబవుతుందని నన్ను బయటికి పంపారు.