ఉంటాను మరి

టెలిఫోన్ లైన్లో ప్రయాణాలు మొదలయ్యాక కూడా సంచి సర్దే అలవాటు పోలేదు కాబట్టి, సుగుణ భర్త సంచిలో రెండు చొక్కాలు, తువ్వాలు, బీపీ మాత్రలు పెట్టింది. వామనరావు తునిలో ఉన్న అక్కను చూసి గురువారానికి తిరిగి రావాలి.

పద్ధతి తేలికే. అవతలి నంబరు కలిపి "వెళ్లొస్తాను" అంటే లైను మనిషిని తీసుకెళ్తుంది. "వచ్చేస్తున్నా" అంటే ఇంటికి తెస్తుంది. లైనుకు మాటల అర్థం నేర్పింది సుగుణే. టెలికాం పరిశోధనాలయంలో ఆమె ఉద్యోగం అది. ఫోన్ పెట్టేముందు అన్న చివరి మాటే చెల్లుతుందని నిబంధన రాసిందీ ఆమే.

"అక్కణ్ణుంచి ఫోన్ చేస్తే, పెట్టేటప్పుడు 'ఉంటాను' అనకండి," అంది జిప్పు లాగుతూ.

"మరేమనాలి? టప్పున పెట్టేస్తే ఏం బావుంటుంది?"

"ఏమీ అనకుండా పెట్టేయండి."

"మొగుడికి మర్యాద లేకపోయినా ఫర్వాలేదన్నమాట!" అని నవ్వి, రిసీవరు ఎత్తి, అక్క నంబరు కలిపి "వెళ్లొస్తానే" అన్నాడు. సంచితో సహా వెళ్లాడు.

బుధవారం ఫోన్ చేశాడు. మాత్రలు వేసుకున్నానన్నాడు. అక్కయ్య పనసపొట్టు కూర వండిందన్నాడు. "రేపొచ్చేస్తాగా. సరే, ఉంటాను మరి."

సుగుణ "అయ్యో, ఏమండీ" అనేలోపు లైను కట్టయింది.

కాసేపటికి వదిన ఫోన్ చేసింది. "రిసీవరు వేలాడుతోందమ్మా, మనిషి లేడు. మీ ఇంటికొచ్చేశాడా?"

"రాలేదు వదినా," అంది సుగుణ. పరిశోధనాలయానికి వెళ్లి డైరెక్టరును అడిగింది. ఆయన ఆ సంభాషణ తెప్పించుకుని రెండుసార్లు విన్నాడు.

"ఉంటానన్నారు, ఉన్నారు. ఇందులో పొరపాటేముందమ్మా?"

"ఎక్కడున్నారండీ?"

"లైన్లో."

"రేపొచ్చేస్తానని కూడా అన్నారు కదండీ."

"అది చివరి మాట కాదు. నిబంధన మీదే."

"పోనీ, 'వచ్చేస్తున్నా' అనమని ఆయనకు చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు. కానీ ఆయన చేతిలో రిసీవరు లేదే!"

అది నిజమే అనిపించింది సుగుణకు. నిజమెలా అయిందో మాత్రం అర్థం కాలేదు.

లైనుకు తెలుగు తప్పుల్లేకుండా వచ్చిందని ఆమెకు శాలువా కప్పారు. 'ఉంటాను'కు బదులు మర్యాదగా ఉండే మరో మాట కనిపెట్టే పని అప్పగించారు. అది దొరికేదాకా జనం పాత మాటే వాడుతున్నారు. ఏ ఆఫీసుకు ఫోన్ చేసినా "లైన్లో ఉండండి" అంటున్నారు. అందరూ "అలాగేనండి" అంటున్నారు.

సుగుణ రోజూ రిసీవరు చెవికి ఆనించుకుంటుంది. లోపల చాలామంది ఉన్న చప్పుడు వినిపిస్తుంది. అందులో తన భర్త దగ్గు ఏదో పోల్చుకోలేక పెట్టేస్తుంది.

వామనరావు ఆ గురువారం రాలేదు. తర్వాత ఏ గురువారమూ రాలేదు.