పెద్దదొర పెట్టించిన డక్టు

ఆ ఉదయం తిరుపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి మదన్ మోహన్ రావుగారి ఇంటికి పోయి డక్టు శుభ్రం చేయాలి. ఒంటిగంటకు ఇంటికొచ్చి అన్నం తినాలి. చెయ్యి కడుక్కుని కోరుట్ల బస్టాండు దగ్గరున్న వీసా ఏజెంటుకు ఫోన్ చేసి, తాను మళ్లీ దుబాయి పోవడం లేదని, పాస్‌పోర్టు కోసం చూడొద్దని చెప్పాలి. ఏజెంటు సాయంత్రం అయిదింటిదాకా గడువిచ్చాడు.

దుబాయిలో పదకొండేళ్లు తిరుపతి చేసింది ఒకటే పని. అక్కడి ఇళ్ల పైకప్పుల్లో చల్లగాలి పోయే రేకు గొట్టాలుంటాయి. అవే డక్టులు. వాటిలో పేరుకున్న దుమ్మును బ్రష్షుతో రాల్చి, మిషన్‌తో పీల్చి, చిరిగినచోట అతుకు వేయాలి. ఆ పనిలో అతనికి వంక పెట్టినవాడు లేడు. అలాంటి మనిషి ఊరికొచ్చి, కూడబెట్టిందంతా పెట్టి మిషన్ కొని, కోరుట్లలో దుకాణం తెరిచాడు. తెరిచాక, ఊళ్లో డక్టులున్న ఇళ్లెన్ని అని వాకబు చేశాడు. ఈ రెండు పనులూ తిరగేసి చేయాల్సిందని చాలామంది అతనికి చెప్పారు. వాళ్లు కూడా దుకాణం తెరిచాకే చెప్పారు.

మూడు వారాలు తిరిగితే ఒక్క ఇల్లు దొరికింది. రావుగారి తండ్రి, అందరూ పెద్దదొర అని పిలిచే ఆయన, ముప్పై ఏళ్ల కింద బీర్పూర్ నుంచి వచ్చి కోరుట్ల చివర బంగళా కట్టారు. హైదరాబాదులో ఏదో హోటల్లో గోడలోంచి చల్లగాలి రావడం చూసొచ్చి, మేడ మీద గదంత కూలర్ పెట్టించి, అక్కడినుంచి అన్ని గదులకూ డక్టు వేయించారు. ఇరవై ఏళ్ల కింద ఆయన పోయారు. కూలర్ తుప్పు పట్టింది. డక్టులో ఎలుకలు కాపురం పెట్టాయి. పసుపు వ్యాపారం చేసే రావుగారు ఈ ఎండాకాలం ముచ్చటపడి కొత్త కూలర్ బిగించారు. స్విచ్చి నొక్కిన మరుక్షణం ప్రతి గదిలో గాలి వచ్చే జాలీలోంచీ ముప్పై ఏళ్ల దుమ్ము దిగింది. ఆయన భార్య లీల వారంరోజులు తుమ్మింది.

పని నచ్చితే జగిత్యాలలో తనకు తెలిసిన దవాఖానాల వాళ్లకు, సిరిసిల్లలో మగ్గాల షెడ్లు నడిపే మిత్రులకు తానే ఫోన్ చేస్తానని రావుగారు మాటిచ్చారు. తిరుపతి కోరుట్లలో ఉండాలో దుబాయి పోవాలో ఆ ఫోన్ల మీదే ఆధారపడి ఉంది.

"ఆయినె ఫోన్ జేయకుంటే?" అంది అతని పెళ్లాం భాగ్య, బీడీలు చుడుతున్న చాట పక్కన పెట్టి.

"అయిదింటికి పాస్‌పోర్టు ఇచ్చి పోత."

"గట్లయితే నేను గూడ అస్త. ఆయినె ఫోన్ జేసేదాక ఆ ఇంట్లకెళ్లి కదల." పదకొండేళ్లు మొగుణ్ణి ఫోన్లోనే చూసిన మనిషి ఆమె. చాట అటక మీద పెట్టేసి బయల్దేరింది.

కొత్త మిషన్‌ను పూజ లేకుండా తన ఇంట్లో తిప్పనివ్వనని లీల పట్టుబట్టింది. ఆ రోజు అమావాస్య. లారీలవాళ్లు బండ్లకు అమావాస్యనాడే పూజ చేస్తారు కాబట్టి మిషన్‌కూ అదే మంచిదని ఆమె లెక్క. గడప ముందు ముగ్గు వేసి, పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు కోసి మిషన్ చక్రాల కింద పెట్టారు. తర్వాత తిరుపతి, భాగ్య ముఖాలకు గుడ్డలు కట్టుకున్నారు. దుమ్ము బయటికి పోకుండా కిటికీలన్నిటికీ నల్ల ప్లాస్టిక్ కవర్లు అంటించి, తలుపులు మూసి మిషన్ ఆన్ చేశారు.

ఇదంతా ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని ఓదెలు చూస్తున్నాడు. ఓదెలు ఇరవై రెండేళ్ల కింద ఆ బంగళాకు కావలివాడు. కూలర్ వేస్తే చాలు ఇల్లంతా బీడీ వాసన వస్తోందని, కావలివాడే తాగుతున్నాడని పెద్దదొర వెళ్లగొట్టారు. అదే కారణం మీద అంతకుముందు ఇద్దరు కావలివాళ్లు పోయారు. ఓదెలు జన్మలో బీడీ ముట్టలేదు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. ఆ కోపంతోనే బంగళా గేటుకు సరిగ్గా ఎదురుగా హోటల్ పెట్టి, కుర్చీ గేటువైపు తిప్పుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏం జరిగినా లీల కంటే ముందు ఓదెలుకు తెలుస్తుంది.

లోపల, డక్టు మలుపు తిరిగేచోట బ్రష్షు పోకపోవడంతో తిరుపతి గోడ పైభాగాన్ని కాస్త పగలగొట్టాల్సి వచ్చింది. ఆ చప్పుడు వీధిలోకి వినిపించింది. ఇంకాసేపటికి మొగుడూ పెళ్లామూ రెండు పసుపు సంచుల నిండా దుమ్ము నింపి, చిమ్మకుండా మెల్లగా, పసిపిల్లను మోసినట్టు మోసుకొచ్చి వరండాలో పెట్టారు. నిమ్మకాయ, అమావాస్య, ముఖానికి గుడ్డ, గోడకు కన్నం, మూతికట్టిన సంచి. ఈ అయిదూ ఒకచోట కలిస్తే మా వైపు దానికి ఒకటే పేరు. లంకెబిందెలు.

ఓదెలు ఆ మాట ఒక్క మనిషికే, అదీ చాయ్ పోస్తూ గుట్టుగా చెప్పాడు. ఆ గుట్టు షేర్ ఆటోలో బస్టాండు చేరేసరికి రెండు బిందెలు నాలుగయ్యాయి. జగిత్యాల చేరేసరికి ఏడయ్యాయి. ఏడో బిందె మీద మూత తెరిస్తే కళ్లు పోతాయని కూడా ఎవరో కలిపారు.

జగిత్యాలలో ఉంటుంది రావుగారి చెల్లెలు ఇంద్రజ. బంగళా స్లాబు కారుతోంది, మరమ్మతుకు ఒక చెయ్యి వేయమని అన్న అయిదేళ్లుగా అడుగుతుంటే, పెళ్లయి పోయినదాన్ని, ఆ ఇంటితో నాకేం సంబంధమని జవాబు చెబుతూ వచ్చింది. ఆవిడ మధ్యాహ్నం పన్నెండున్నరకు కారు దిగింది. చెప్పులు కూడా విప్పలేదు.

"అన్నయ్యా, నాయిన సొత్తుల సగం నాది. నాకు చెప్పకుంట నువ్వొక్కనివే తీస్కుంటున్నవా?"

ఉదయం నుంచి మిషన్ మోతకు రావుగారి తల దిమ్మెక్కి ఉంది. దుమ్ము సంగతి తెలిసి చెల్లెలు ఎగతాళి చేస్తోందనుకున్నారు. "రెండు సంచులు ఎల్లినయి. లోపట ఇంక శానా ఉన్నదట. సగమేంది, మొత్తం నువ్వే తీస్కపో" అన్నారు.

అన్న ఇంత సులువుగా ఒప్పుకునేసరికి ఇంద్రజకు అనుమానం ముదిరింది. మొత్తం తీసుకోమంటున్నాడంటే అసలుది ఇప్పటికే దాటించేశాడని అర్థమై, సంచుల మీదే కూర్చుంది.

రెండింటికి బీర్పూర్ నుంచి ఒక జీపు వచ్చింది. అందులోంచి ఊరిపెద్దలను వెంటేసుకుని దిగిన హన్మండ్లు, పెద్దదొర ఆస్తి తమ ఊరి చెమట కాబట్టి బిందెల్లో ఊరికి కూడా వాటా ఉండాలని, దాంతో కమ్యూనిటీ హాలు కట్టుకుంటామని చెప్పాడు. హాలు ప్లాను కూడా గీయించుకొచ్చాడు. వెనకే ఓదెలు చేసిన ఫోన్ అందుకుని ఎస్సై వచ్చాడు. ఎస్సై వెంట రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. భూమిలో దొరికిన నిధిని ఏం చేయాలో ఆయన దగ్గరున్న పుస్తకంలో ఉంది. ఇంటి కప్పులో దొరికితే ఏం చేయాలో లేదు. ఆయన కప్పువైపు చూసి, పుస్తకంవైపు చూసి, ముందు నేల నుంచి కప్పు ఎత్తెంతో కొలిపించి రాసుకున్నాడు.

జరిగింది తెలిసేసరికి రావుగారి ముఖం కందగడ్డయింది. తిరుపతిని పక్కకు పిలిచారు.

"నీ మిషన్ వద్దు, నీ పని వద్దు. కట్టేసి పో. నా పరువు బజార్ల పడ్డది."

తిరుపతి గోడ గడియారం చూశాడు. మూడయింది. ఉన్న ఒక్క ఇల్లూ పోతోంది. ఏడుపొచ్చినంత పనైంది. భాగ్య మాత్రం అన్నంత పనీ చేసింది, అక్కడినుంచి కదల్లేదు.

"సార్, మా దగ్గర కెమెరా ఉన్నది. డక్టుల పెడ్తె లోపట ఉన్నదంత మీ టీవీల కనబడ్తది. అందర్ని కూసొమ్మనుండ్రి. దుమ్మే ఉన్నదని వాళ్లే జూసుకుంటరు" అంది.

రావుగారికి ఆ మాట నచ్చింది. హాల్లో కుర్చీలు వేశారు. అధికారులు, ఇంద్రజ, బీర్పూర్ పెద్దలు, ఓదెలు, అందరూ టీవీ ముందు కూర్చున్నారు. లీల అలవాటు కొద్దీ అందరికీ చాయ్ ఇచ్చింది. తిరుపతి పొడుగాటి వైరు చివరున్న కెమెరాను డక్టులోకి తోశాడు. టీవీలో దుమ్ము కనిపించింది. ఎలుక గూడు కనిపించింది. మళ్లీ దుమ్ము. హన్మండ్లు ఆవులించాడు. కెమెరా పెద్దదొర పడకగది జాలీ దగ్గరికి వచ్చింది. అక్కడ దుమ్ములో ఒక డబ్బా కనిపించింది.

హన్మండ్లు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. రావుగారు లేచి నిలబడి, తండ్రి ఫోటోవైపు చూసి తెలియకుండానే దండం పెట్టారు.

డబ్బా కిందికి దిగింది. బిస్కెట్ల డబ్బా, చుట్టూ దారం. తెరవకముందే హక్కుదారుల పేర్లు రాయాలని రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పంచనామా కాగితం తీశాడు. ఇంద్రజ ఇంటిపేరుతో సహా రాయించి సంతకం పెట్టింది. బీర్పూర్ తరఫున హన్మండ్లు పెట్టాడు. సమాచారమిచ్చిన పౌరుడిగా ఓదెలు వేలిముద్ర వేశాడు. అప్పుడు ఎస్సై దారం తెంపి మూత తీశాడు.

లోపల పదిహేను బీడీ కట్టలున్నాయి. రెండు అగ్గిపెట్టెలు, నోటి వాసన పోవడానికి ఒక సీసాలో సోంపు ఉన్నాయి.

పెద్దదొర నలుగురిలో ఉన్నప్పుడు వెండిపెట్టెలోంచి విదేశీ చుట్ట తీసి వెలిగించేవారు. బీడీ కూలివాళ్లు తాగేదని, తన గేటు లోపల దాని వాసన రాకూడదని ఆయన ఆజ్ఞ. ఆ ఆజ్ఞ ఇచ్చిన మనిషి పడకగది జాలీ తీసి, లోపల దాచుకుని, జాలీలోకే పొగ ఊదేవారు. ఎవరైనా కూలర్ వేసినప్పుడు ఆ పొగంతా డక్టు వెంట ఇల్లు చుట్టి వచ్చేది.

"నేను ఈ ఇంట్లకు అచ్చిన కాడికెళ్లి గదే వాసన" అంది లీల మెల్లగా. "మామయ్య కావలోల్లను తిట్టేది."

అందరి తలలూ ఓదెలువైపు తిరిగాయి. ఓదెలు లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా తిట్టుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి గాని, బయటికి మాత్రం రాలేదు.

"ఇరవై రెండేండ్లు దొరా. మా అవ్వ గూడ నమ్మలె" అన్నాడు.

రావుగారు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నారు. నిజంగా సిగ్గుపడ్డారు. "తప్పు మాదే ఓదెలూ" అన్నారు, ఊరంతా వింటుండగా. భాగ్య ఒక బీడీ తీసి వాసన చూసి, ఆకు మంచిదని, ఇంత గట్టి ముడి ఇప్పుడెవరూ వేయడం లేదని పనిమంతురాలిగా మెచ్చుకుంది.

పంచనామా మొదలుపెట్టాక ఆపకూడదు కాబట్టి, దొరికిన సొత్తు హక్కుదారులకు పంచుతానని రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ కట్టలు లెక్కపెట్టాడు. ఇంద్రజ సంచుల మీంచి లేచి, చీర దులుపుకుంది.

"పెండ్లయి పోయినదాన్ని సార్, ఈ ఇంటితోని నాకేం సంబంధం?" అని కారెక్కింది. హన్మండ్లుకు బీర్పూర్‌లో అర్జంటు పని గుర్తొచ్చి, హాలు ప్లాను కుర్చీలోనే మరిచిపోయాడు. కట్టలన్నీ ఓదెలుకు ఇచ్చారు. ఆయన వాటిని తాగడానికి కాదు, హోటల్లో దేవుడి పటం పక్కన పెట్టుకోవడానికి తీసుకున్నాడు.

తిరుపతి మిగిలిన పని పూర్తిచేశాడు. చిరిగినచోట రేకు వేసి బిగించాడు, గోడ పూడ్చాడు, కూలర్ వేసి చూపించాడు. అన్ని గదుల్లోకీ ఒక్క రేణువు దుమ్ము లేకుండా చల్లగాలి వచ్చింది. లీల తుమ్మలేదు. రావుగారు గాలికి ముఖం పెట్టి కాసేపు నిలబడ్డారు.

"మంచిగనే జేసినవ్ తిరుపతీ. కని గీ పని సంగతి నేనెవ్వలికి చెప్ప. నువ్వు గూడ చెప్పకు" అన్నారు.

తండ్రి గుట్టు రట్టయిన మనిషిని ఇంకేమడుగుతారు? నాలుగున్నరకు మొగుడూ పెళ్లామూ ఇల్లు చేరారు. పొద్దటి అన్నం చల్లారి గట్టిపడింది. భాగ్య బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి అతని ముందు పెట్టి, ముఖం తిప్పుకుంది. తిరుపతి ఏజెంటు నంబరు కోసం ఫోన్ తీశాడు. తీసిన ఫోన్ మోగింది.

జగిత్యాలలో దవాఖానా నడిపే డాక్టరు. తమ పాత భవనంలో డక్టుందని, ఎప్పుడొస్తారని అడిగాడు. అది పెట్టగానే సిరిసిల్ల నుంచి మగ్గాల షెడ్డు యజమాని. తర్వాత ఒక ఫంక్షన్ హాలు. తిరుపతికి అంతు చిక్కలేదు గాని, భాగ్యకు రెండో ఫోన్‌కే చిక్కింది. ఊళ్లో బీడీల కథ ఎవరూ నమ్మలేదు. ఎస్సై వచ్చి, రెవెన్యూ వాళ్లొచ్చి, దొరబిడ్డ కారులో పరుగెత్తుకొచ్చి, చివరికి దొరికింది బీడీలట! బిందెలు దాటించి, పైకి చూపడానికి కట్టలు పెట్టారని అందరికీ తెలిసిపోయింది. అంతటి వాటిని చప్పుడు కాకుండా తీసిన మనిషి ఎవరని వెతికి నంబరు పట్టారు. ఫోన్ చేసినవాళ్లంతా దుమ్ము కోసమే అన్నారు. అంతా వచ్చే అమావాస్యకే రమ్మన్నారు.

"దుమ్మయితే మనం తీసేది నిజమే గద" అంది భాగ్య, పాస్‌పోర్టును తీసుకుపోయి చీరల అడుగున పెడుతూ.

సరిగ్గా అయిదింటికి ఎల్లారెడ్డిపేట నుంచి ఒకాయన చేశాడు. తన ఇంట్లో డక్టు లేదని, ఈ వారంలోనే పెట్టిస్తానని, పెట్టగానే వచ్చి శుభ్రం చేయాలని అడిగాడు.

"పెట్టినంక దుమ్ము పట్టాలె గదనే" అన్నాడు తిరుపతి. "ముప్పై ఏండ్లన్న పడ్తది."

అవతలి మనిషి, అయితే ముప్పయ్యో ఏట మొదటి అమావాస్యకు తన పేరే రాసి పెట్టుకోమన్నాడు.