ముంచి తీసిన సైన్యం

ఓపిక అంత దండగమారి గుణం లోకంలో ఇంకొకటి లేదు!

ఈ మాట ఊరికే అనడం లేదు. దూలపల్లిలో ఒక రేకుల షెడ్డులో మూడేళ్లు ప్యాకింగ్ ఇన్‌చార్జిగా పనిచేసి, కళ్లారా చూసి, నిదానంగా ఆలోచించి చెబుతున్నాను. నిదానంగా ఆలోచించినందుకు క్షమించండి. పాత అలవాటు.

ఆ షెడ్డులో మేము సైన్యాలకు రంగులు వేసేవాళ్లం. నవ్వకండి. ఒక్కో సైనికుడు చిటికెన వేలిలో సగం ఉంటాడు. కత్తి, డాలు, గడ్డం, నడుముకు చిన్న సంచీ, అన్నీ ఉంటాయి. విదేశాల్లో ఉద్యోగాలు చేసుకునే పెద్దమనుషులే బల్ల మీద గుట్టలూ కోటలూ పరిచి, ఈ బొమ్మల్ని నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం ఆడుకుంటారట. ఎవడు ఎన్ని అంగుళాలు ముందుకొచ్చాడో టేపు పెట్టి కొలుస్తారట. మనవైపు టేపు పెట్టి చేసే యుద్ధాలన్నీ ప్లాటు హద్దుల దగ్గరే కాబట్టి, మొదట్లో నాకిది వింతగా అనిపించింది.

మా యజమాని భాస్కర్ గారిది ఊళ్లో భూములున్న కుటుంబం. రోడ్డు పక్క పొలమంతా ప్లాట్లయిపోయాక, మిగిలిన ముక్కలో 2004లో ఈ షెడ్డు వేశారు. ఒక విదేశీ కంపెనీ ముడి బొమ్మలు పంపేది. మేము రంగులేసి తిరిగి పంపేవాళ్లం. పదిమంది ఆడవాళ్లు బల్లల ముందు బ్రష్‌లు పట్టుకుని కూర్చునేవారు. అందరిలోకీ పనిమంతురాలు రోజారాణి.

అసలు జబ్బంతా అక్కడే ఉంది!

రోజారాణిది లాల్‌గడి మలక్‌పేట్. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే గండయ్య కూతురు. చిన్నప్పటి నుంచి వలలు అల్లిన చేయి, వలలో చిరిగిన కన్ను వెతికి ముడేసిన చూపు. అలాంటి మనిషికి బ్రష్ ఇస్తే ఏమవుతుంది? పని నెమ్మదిస్తుంది. ఎర్ర అంగీకి ఎర్ర రంగు వేసి ఊరుకోవచ్చు కదా? ఊరుకోదు. మడత లోపల ఆ ఎరుపునే కాస్త నల్లబరిచి ఒక పూత, మడత అంచున కాస్త తెల్లబరిచి ఇంకో పూత. దాన్నే షేడింగ్ అంటారు. అది చేస్తే బొమ్మ బొమ్మలా ఉండదు, గాలికి అంగీ కదులుతున్నట్టే ఉంటుంది. రోజుకు ఎన్ని చేసేది? ఎనిమిది. మనసు బాగుంటే తొమ్మిది.

కొత్త పెట్టె విప్పిన ప్రతిసారీ నన్ను ఒకటే అడిగేది.

"అన్నా, గీ కొట్లాట పొద్దుగాలనా, పొద్దుగూకేటప్పుడా?"

"నాకెట్ల తెలుస్తది రోజా? ఎందుకు?"

"ఎండ ఎటుదిక్కుకెళ్లి పడ్తాందో తెల్వకుంటే నీడ ఎటెయ్యాలె మరి?"

చూశారా! ఊపిరి లేని బొమ్మల మీద లేని సూర్యుడు ఎటు నుంచి కాస్తున్నాడో కూడా ఆమెకు కావాలి. ఇలాంటి మనుషుల్ని పెట్టుకుని దేశం ఎప్పుడు ముందుకు పోతుంది?

ఇంకో పిచ్చి కూడా ఉండేది. తనదైనా, పక్కవాళ్లదైనా బొమ్మ పూర్తయ్యాక కుట్టుసూది మొనతో నల్లరంగు అంటించి, ఎడమ బుగ్గ మీద, చెవికి కాస్త కిందుగా, ఆవగింజలో పదో వంతు చుక్క పెట్టేది. ఇదేమిటని అడిగితే, ఇంత మంచిగా తయారైనోడికి దిష్టి తగలదా అంది. పసిపిల్లలకు కాటుక చుక్క పెట్టినట్టు కసాయి మొహాల కత్తిగాళ్లకు, గుర్రాల మీది రాజులకు, ఆఖరికి రెండు తలల రాక్షసుడికి కూడా చుక్క పెట్టింది. రాక్షసుడికైతే రెండు చుక్కలు.

ఆ వెనుకబాటుతనం నుంచి షెడ్డును బయటపడేసిన ఘనత ఎవరిదో తరవాత చెబుతాను. ముందు ఆ అద్భుతం గురించి వినండి.

2006లో, మేడ్చల్‌లో వీధికో ఇంటర్‌నెట్ సెంటర్ వెలిసిన రోజుల్లో, ఒక కొత్త కిటుకు బయటపడింది. బొమ్మకు రంగులు చదునుగా పూసేయాలి. తరవాత దాన్ని పట్టకారుతో పట్టుకుని గోధుమరంగు వార్నిష్ టీనులో ముంచాలి. తీయాలి. విదిలించాలి. ఎత్తుగా ఉన్నచోట వార్నిష్ జారిపోతుంది, పల్లమున్నచోట నిలిచిపోతుంది. నిలిచిన చోటల్లా నీడే! మూడు పూతలు లేవు, సూర్యుడు లేడు, పొద్దు లేదు. ముంచు, తియ్యి, విదిలించు. అంతే.

ఆ విదేశీ వార్నిష్ ఇక్కడ దొరుకుతుందా? భాస్కర్ గారికి అడ్డేముంది? అప్పుడే కొత్త ఇంటి సింహద్వారానికి పాలిష్ పెట్టించగా మిగిలిన టేకురంగు టీను ఒకటి ఉంది. దాన్నే తెప్పించారు. ఒక రాజును ముంచి తీశారు. రాజు అచ్చం వాళ్ల గడపలాగే మెరిశాడు.

"మస్తుంది. గింత అల్కగ అయ్యేదానికి గిన్నొద్దులు ఎందుకు పరేషాన్ అయినం?" అన్నారు భాస్కర్ గారు.

ఈ విధానం వల్ల కలిగే మేళ్లు చెప్పమంటారా? మొదటిది సమానత్వం. రాజుకూ అదే టీను, బంటుకూ అదే టీను. పార్లమెంటులో కూడా లేని సోషలిజం మా టీనులో ఉండేది! రెండోది అనుభవం. నిన్న కాక మొన్న అచ్చులోంచి ఊడిపడ్డ సిపాయి, ఒక్క మునకతో ముప్పై ఏళ్ల సర్వీసు చేసినట్టు కనిపిస్తాడు. మూడోది ధైర్యం. వార్నిష్ పల్లంలోనే కదా నిలుస్తుంది, మరి కళ్లు ఉండేదీ పల్లంలోనే. కళ్లు పూడుకుపోయిన సైనికుడు ఎవరికైనా భయపడతాడా?

పైగా ఇది మా షెడ్డుతో ఆగిన సంగతా? చుట్టూ చూడండి. ఇంజినీరింగ్ కాలేజీలు ఏం చేస్తున్నాయి? పిల్లల్ని నాలుగేళ్లు ముంచి, తీసి, విదిలించడం లేదూ? ఎన్నికల ముందు రోడ్డును తారులో ముంచి తీస్తారు. నిన్నటిదాకా జొన్నచేను, ఇవాళ తెల్లరాళ్లు పాతి, కమాను కట్టి, ముంచి తీస్తే రేపటికి పేరున్న వెంచర్. నాగారం నుంచి శామీర్‌పేట దాకా ఏ కాలనీ చూసినా అదే టీను. వీళ్లంతా కూర్చుని ఎండ ఎటు పడుతోందని చూసుకుంటే, ఒక్క గడప అయినా లేచేదా?

ఇక షెడ్డు సంగతి. రోజుకు ఎనిమిది పోయి గంటకు వంద అయ్యాయి. రోజారాణి చేతిలో బ్రష్ తీసుకుని పట్టకారు పెట్టారు.

"సార్, వారంల రెండొద్దులన్న చేత్తోని ఎయ్యనియ్యుండ్రి. రాజులకన్న," అని అడిగింది.

"చెయ్యి గదే కదా రోజా. బ్రష్ అయితేంది, పట్కారు అయితేంది?" అన్నారు భాస్కర్ గారు. న్యాయమైన మాట. నేనూ తల ఊపాను.

నాలుగు రోజులు ముంచింది. ఐదోరోజు చూస్తే, ముంచిన బొమ్మల్ని పక్కకు పెట్టుకుని, వార్నిష్ ఆరకముందే సూదికి దూది చుట్టి ఒక్కొక్కడి మొహం తుడుస్తోంది. కళ్లు బయటకు తీస్తోంది. భాస్కర్ గారు చూశారు. కేకలేమీ వేయలేదు, ఆయన మంచివారు. ముంచినంక తుడుసుడు ఎందుకు, పని రెండింతలు అయితాంది కదా అన్నారంతే. ఆమె ఆ ఒక్క మొహం తుడవడం పూర్తి చేసి, కుట్టుసూది నా టేబుల్ మీద పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. ఆమె కూర్చునే బల్ల మీద రెండో టీను పెట్టారు.

నాకు బాధ కలిగిందా అంటే, కలిగింది. ప్రగతికి బాధ తప్పదు కదా!

అంతలో వానాకాలం వచ్చింది. తలుపుల పాలిష్ కదా, వానల్లో ఆరదు. వారమైనా బంకబంకగానే ఉండేది. రోడ్డు మీద టిప్పర్లు లేపిన దుమ్మంతా వచ్చి సైన్యం మీద కూర్చుంది. దుమ్ముతోనే ప్యాక్ చేశాను. యుద్ధభూమి నుంచి నేరుగా వచ్చినట్టున్నారని భాస్కర్ గారు సంతోషించారు.

పెట్టెలు అందాక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నీడల గురించి ఒక్క మాట లేదు. దుమ్ము గురించి కూడా లేదు. అడిగింది ఒకటే, బుగ్గ మీద చుక్క ఏది? కొనేవాళ్లు రెండేళ్లుగా ఆ చుక్క చూసి కొంటున్నారట. చుక్క ఉంటే అసలు, లేకపోతే నకిలీ అనుకుంటున్నారట. చుక్క లేని సైన్యాన్ని మొత్తం తిప్పి పంపారు.

అదా సంగతి! చుక్కే కదా? భాస్కర్ గారు మార్కర్ పెన్ను తెప్పించి, రోజారాణి పక్కబల్ల మీద రంగులేసే యాదవ్వ చేతికిచ్చారు. యాదవ్వ ఒక బొమ్మను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"సార్, బుగ్గ ఏడున్నదో కనబడ్తలేదు."

"అంజాదగ పెట్టు," అన్నారాయన.

అందాజుగా పెట్టింది. ఒకడికి ముక్కు మీద పడింది. ఒకడికి మొహమంతా చుక్కే అయింది. ఒక రాజుకు గుర్రం మీద పడింది. యాభై పెట్టాక యాదవ్వ పెన్నుకు మూత బిగించి, గిది రోజమ్మ తప్ప ఎవ్వలతోని కాదు అని తేల్చేసింది.

కాబట్టి భాస్కర్ గారూ నేనూ జీపులో లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లాం. ఒళ్లో అట్టపెట్టె, అందులో రెండొందల మంది. గండయ్య వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. పక్కనే కూర్చుని రోజారాణి తెగిన కన్నులు వెతుకుతోంది. గండయ్య లేచి, "రాండ్రి పటేలా," అని మంచం వాల్చాడు.

భాస్కర్ గారు చాలా మర్యాదగా మాట్లాడారు. బొమ్మలు ముంచే పని పెట్టం, ఫ్యాను కింద కుర్చీ వేస్తాం, ఉత్త చుక్క పెట్టిపోతే చాలన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్కలే. ప్రపంచంలో ఇంత సుఖమైన ఉద్యోగం ఎవరికైనా దొరికిందా?

రోజారాణి పెట్టెలోంచి ఒకణ్ని తీసింది. ఎండకు తిప్పి పట్టుకుంది. బొటనవేలితో మొహం మీద మెల్లగా రాసి చూసింది. ఏమీ రాలేదు. వాణ్ని మళ్లీ వాళ్ల మధ్యలో నిలబెట్టింది.

"దిష్టి సుక్క ఎందుకు సార్ వీళ్లకు?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. "దిష్టి తగిలేటంత ఏమున్నది?"

భాస్కర్ గారు పెట్టె మూసి జీపు దగ్గరికి నడిచారు.

పాఠకులారా, ఇంతకన్నా పెద్ద మేలు ఇంకేం కావాలి? ఈ విధానంతో చేసినదానికి దిష్టి తగలదు! ఆ కాలనీలకు, ఆ రోడ్లకు, ఆ డిగ్రీలకు గుమ్మడికాయ కట్టే పనే లేదు. నిశ్చింతగా నిద్రపోవచ్చు. షెడ్డు వదిలాక పత్రికలో నేను రాస్తున్న ఈ కాలమ్ సంగతే చూడండి. వారం వారం అదే వ్యంగ్యం టీనులో ముంచి తీస్తున్నాను. ఇన్నేళ్లలో ఒక్కరి దిష్టి అయినా తగిలిందా?

వాకిలి దాటబోతుంటే నన్ను ఒక్కణ్నే ఆపింది రోజారాణి. ఆమె సూది నా జేబులో ఉంది. ఇద్దామనే తెచ్చాను, ఇవ్వలేదు.

"అన్నా, గా టీను కత షెడ్డుల మొదలు ఎవ్వలు జెప్పిన్రే?"

మేడ్చల్ ఇంటర్‌నెట్ సెంటర్లో ఆ కిటుకు చదివి, కాగితం మీద రాసుకుని, శభాష్ అనిపించుకుందామని పరుగున వచ్చి భాస్కర్ గారికి చెప్పినవాడు ఎవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆమెకు మాత్రం తెలియదు.

"ఏమో రోజా, ఎవ్వలో జెప్పిన్రట," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఎండ ఎటు పడుతోందో, నీడ ఎక్కడ నిలుస్తోందో చూసే అలవాటున్న మనిషి కదా, చాలాసేపు చూసింది. ఎవరైనా వచ్చి నన్ను ఆ టీనులో ముంచి తీస్తే బాగుండునని అనిపించింది.